గోడకు చెవులు

గోడలకు చెవులుంటాయంటారు.
నా కొట్టు గోడకు నిజంగానే ఉన్నాయి,
వరసకు నలభై చొప్పున మేకులకు వేలాడుతూ,
ఇత్తడివి, ఇనుపవి, వంకర తిరిగినవి రెండో మూడో.
లిస్బన్‌లో ఈ మౌరారియా కొండ మీద
ఎవరు ఏ వేళకి ఇల్లు చేరతారో
వాళ్ళ పెళ్ళాల కంటే ముందు నాకు తెలిసేది.

నిన్న విశ్వవిద్యాలయం నుంచి ఒకమ్మాయి వచ్చింది.
"అర్మిందు గారూ, మీ వీధిలో
ఎంతమందిని ఖాళీ చేయించారు?"
కోర్టు మనిషి పక్కన నిలబడితే
నేను తలుపు తెరిచింది ముప్ఫై ఏళ్ళలో మూడుసార్లు.
మూడు, రాసుకోమన్నాను.
రాసుకుంది.

రాత్రి పడుకున్నాక
లెక్క తప్పు చెప్పానేమోనని లేచి దీపం వేశాను.

జుల్మీరాను ఎవరూ గెంటలేదు.
కొడుక్కి పెళ్ళయింది, ఇదే వీధిలో ఒక గది చూడమంది.
వాడు అద్దె విన్నాడు, సరిగా వినబడలేదేమోనని మళ్ళీ అడిగాడు,
నది దాటి బరైరులో ఇల్లు చూసుకున్నాడు.
మనవరాలు పుట్టాక ఈమె కూడా వెనకే.
దీన్ని ఏ గడిలో రాస్తారు?

కాబో వెర్ద్ నుంచి వచ్చిన ఫెలిష్‌బెర్తు
తెల్లారగట్ల రొట్టెల బట్టీ నుంచి వస్తూ
నా షట్టరు మీద రెండు దెబ్బలు వేసి పోయేవాడు.
బట్టీ ఇప్పుడు కాఫీ హోటలు.
అక్కడ రొట్టెముక్క మీద ఏదో పచ్చటి గుజ్జు పూసి
తొమ్మిది యూరోలంటారు.
పని ఎటు పోతే మనిషి అటే.

అమేరికు మాత్రం నవ్వుతూ పోయాడు.
సొంతిల్లు, మంచి ధరకు అమ్మాడు.
ఇప్పుడు లిఫ్టు ఉంది, మోకాళ్ళకు సుఖంగా ఉంది.
"నువ్వెప్పుడు అమ్ముతావురా?" అని ఫోన్ చేస్తాడు.
అమ్మడానికి నాదేముంది, తాళాలు తప్ప!

అబద్ధమెందుకు, మెట్ల మీద దీపాలు వెలుగుతున్నాయి.
ఎలుకలు తగ్గాయి.
పదకొండో నంబరు గొట్టం కారడం మానేసింది.
ఇరవై ఏళ్ళు దాని కింద బకెట్టు పెట్టిన మనిషి
అది బాగయ్యేనాటికి లేదు.
చచ్చిపోలేదు. అమదోరాలో ఉంది.

నేనేం తక్కువ తిన్నానని.
గుమ్మాల పక్కన ఆ నల్ల డబ్బాలు,
నాలుగంకెలు నొక్కితే తెరుచుకునేవి,
అన్నీ బిగించింది నేనే, ఒక్కోదానికి ముప్ఫై ఐదు.
ఈ పళ్ళు కట్టించుకున్నది ఆ డబ్బుతోనే.
ఇప్పుడవి కూడా పాతబడ్డాయి,
ఫోను చూపిస్తే చాలు, తలుపు కిర్రుమనదు.
చెవి అక్కర్లేని తాళాలు.
చక్రాల పెట్టె లోపలికెళ్ళిందో
పరుపు చుట్ట బయటికొచ్చిందో
వాటికి ఏదైనా ఒకటే.

ఇవాళ గురువారం, దెవులిందా వచ్చింది.
పడవ దిగి, ఎత్తెక్కి, కుర్చీలో కాసేపు ఆయాసపడి
చేతిరుమాలు ముడి విప్పింది.
"పళ్ళు అరిగిపోయాయి. ఇంకోటి చెయ్యి."
పదిహేడో నంబరు, మూడో అంతస్తు, ఎడమ చేతి వైపు.
ఆ తలుపు పీకేసి ఏడాది కావస్తోంది.
చెత్తబండి కోసం వీధిలో ఆనించి పెట్టినప్పుడు
నేను బిగించిన తాళం ఇంకా దానికే ఉంది.
ఇక్కడ కూర్చుంటే ఆ గుమ్మం ఎదురుగా కనబడుతుంది,
బూడిద రంగు తలుపు, పక్కన చిన్న పచ్చదీపం.
ఆమె కూడా అటే చూస్తోంది.

మిషను మీద బిగించాను.
ఇత్తడి పొడి మోకాళ్ళ మీద రాలింది.
పాతదీ కొత్తదీ పక్కపక్కన పట్టుకుని
వెలుతురులో పళ్ళు సరిచూశాను.
"తిరుగుతుందిగా?"
"తిరుగుతుంది."

రెండు యూరోలు ఇచ్చింది.
తీసుకున్నాను.
వద్దంటే, ఎందుకో చెప్పాల్సొచ్చేది.