బొక్కకు యాభై

గడియారం కాడి స్టీలు దుకాణంల
రాడ్డు నా చేతికిచ్చి అడిగిండు సేటు:
"ముసలోళ్ళకా?"
"కాదు, మా ఇంటామెకు. నలభై ఆరేండ్లు."
"పడ్డదా?"
"లేదు."
"ఏ ఊరు?"
"మర్రిగూడ అవుతల."
ఇగ ఏం అడుగలే.
పన్నెండించులది నాలుగు వందల ఎనభై,
పద్దెనిమిదించులది ఆరు వందల నలభై.
రెండూ కూడి
అడగకముందే నలభై తీసేసిండు.
మా ఊరి పేరుకు తగ్గింపు దొరుకుడు
గదే మొదటిసారి.

పదకొండేండ్లాయె
అనసూయ నడుము వంగక.
మెడ తిప్పాలంటె మనిషంత తిరగాలె.
ఎర్ర రంగు పూసిన బోరింగు నీళ్ళే
చిన్నప్పుడు కడుపునిండ తాగింది,
అప్పటికింక రంగు పుయ్యలే.
ఇప్పుడు నల్లా ఇప్పితె కృష్ణ వస్తది.
బొక్కలల్లకెళ్ళి పాత నీళ్ళు మాత్రం పోతలేవు.

బాత్రూంల ఇన్నొద్దులు ఆమె దేన్ని పట్టుకున్నదంటె
నల్లాను. రెండుసార్లు ఊడొచ్చింది,
ఊడినప్పుడల్లా నూట ఎనభై.
తలుపు గొళ్ళాన్ని. అరచెయ్యి కోసి మూడు కుట్లు పడ్డయి.
బకెట్ అంచును. అది మనిషిని ఆపదు,
మనిషితోటి కలిసి పడతది.
ఇగ మిగిలింది నా భుజం.
రాత్రి రెండుకో మూడుకో "ఇగో" అంటది.
కండ్లు తెరువకముందే కాళ్ళు కింద వెడుత నేను.

నాంపల్లి నుంచి ఇంతియాజ్ వచ్చిండు,
బండి ఎనుక డ్రిల్లింగు మిషిని కట్టుకొని.
"బొక్కకు యాభై మేస్త్రీ. పన్నెండు బొక్కలు."
గడప కాడ నిలబడి అనసూయ,
"మనిషికి రెండు వందల ఆరుంటయట, ఆశామె చెప్పింది.
నాయి గూడ లెక్క గట్టు పిలగా" అన్నది.
ఆ పిలగానికి సమజ్ కాలే.
నేను నవ్విన. తర్వాత నవ్వలే.

మిషిని ఆనిందో లేదో
ఇటుక బిస్కెట్ లెక్క ఇరిగింది.
బొక్కల నుంచి పక్కింటి మేక కనవడ్డది.
"ఎవడు కట్టిండు మేస్త్రీ ఈ గోడ?
నాలుగించులు. చేతికి ఇసుకే వస్తున్నది."
నేను మాట్లాడలే.
"ఆయనే" అన్నది అనసూయ.

స్కీము పైసలొచ్చిన ఏడు
నెలకు పద్దెనిమిది కట్టిన ఊరిల.
ఒక్క సంచి సిమెంటును రెండిండ్లకు సర్దిన.
ఫోటో దిగేదాంక నిలబడితె
బిల్లు పాసైతదనుకున్నం అందరం.
ఆ గోడకు ఒక మనిషి ఆనుకుంటదని
ఎవ్వరం అనుకోలే.
మాది ఆఖరుది. సంచి అడుగు దులిపి కట్టింది.

కూలగొట్టిన.
తొమ్మిదించులు లేపిన, ఒకటికి నాలుగు కలిపి.
వారం రోజులు పొద్దుమాపు తడిపిన,
సేటు కొడుకు బంగ్లకు గూడ అంత శ్రద్ధగ తడపలే.
ఎత్తెంత అని ఇంతియాజ్ అడిగితె
తడి ప్లాస్టరింగు మీద ఆమె చెయ్యి ఆనిచ్చిన.
భుజం దాటి లేవదది.
వేళ్ళ గుర్తు పడ్డ కాడ్నే రాడ్డు.
పాడైన రెండు బొక్కలకు పైసలొద్దన్నడు.

మొత్తం రెండు వేల మూడు వందల పది.
నా కూలి ఇడిచిపెట్టి.

రాత్రి "ఇగో" అనలే.
స్టీలుకు గాజులు తాకి టింగుమన్నయి,
ఒకసారి, కొంచెం ఆగి ఇంకోసారి.
నేను లేచి కూసున్న.
ఏం చెయ్యాల్నో తెల్వక
చేతులు చూసుకుంట కూసున్న.

తెల్లారి బుగ్గమ్మ ఇంటికి వోయిన.
ఆమెకూ మెడ తిరుగది.
బాత్రూం గోడను వేలి కణుపుతోటి కొట్టి ఇన్న.
బోలుగ పలికింది.
"ఏంది మేస్త్రీ, పొద్దుగాల్నే?" అన్నది.
ఇంక పదహారు ఇండ్లున్నయి.