తోలుతిత్తి

ఆఖరి ట్రిప్పు పోసి ఇంటికొచ్చేతలికి
పుంగనూరు సగం నిద్రపోయింది.
మా హుసేనమ్మ మాత్రం గోడకానుకోని
రేపటి పరీక్షకు గట్టిగా చదవతా ఉండాది.

"హుమాయూన్ ఎదుర్కొన్న సమస్యలు.
ఒకటి, ఖాళీ ఖజానా.
రెండు, తమ్ముళ్లు."

సంగటిముద్ద గొంతులోనే నిలిచిపోయింది.
నాకూ ముగ్గురు.
నాయన నలభై ఫాతెహా బువ్వ అరగకముందే
బోరు మోటారు ఊడబీక్కోని పొయినాడు చిన్నోడు.

"మూడు, షేర్ ఖాన్.
చౌసా కాడ తెల్లారకముందే మీదపడినాడు.
పాదుషా గంగలో మునగతా ఉంటే
నీళ్లు మోసేవాడొకడు తోలుతిత్తి ఊది ఇచ్చినాడు.
దాన్ని కరుచుకోని గట్టెక్కినాడు."

"వాని పేరేందిమే?"
"పాఠంలో లేదు నాయనా. పరీక్షకు రాదులే."

పదహైదేండ్లు ఊరుగాని ఊర్లు తిరిగినాడంట,
మళ్లా ఢిల్లీ గెలిచినాడంట,
గెలిచిన ఏడాది తిరక్కముందే
మెట్ల మీద కాలు జారి పొయినాడంట.
పాప పుస్తకం మూసేసింది.

నాకు ఆ తిత్తే కండ్లల్లో ఆడతా ఉండాది.
నిండు తిత్తిలో గాలి పట్టదు గదా.
ముందు నీళ్లు పారబోసుంటాడు.
ఏ గుడారానికో ఒప్పుకున్న నీళ్లు,
ఆ పూట కూలి,
గంగలోనే కలిపేసుంటాడు.

చెయ్యి కడుక్కుంటా ఉంటే ఫోన్ మోగింది.
చిన్నోడు. రెండేండ్ల తర్వాత.
"అన్నా, బోరెండిపాయ.
పొద్దున్నే ఒక ట్యాంకరు..."

రేటెంతని వాడడగలేదు.
నేనూ చెప్పలేదు.
బయట, చీకట్లో,
వాల్వు నుంచి ఒక్కో చుక్కా పడతా ఉండాది.