చూడదగ్గ స్థలం

కమాను కాడ బోర్డు రాసింది నేనే.
"దేవరకొండ దుర్గం, చూడదగ్గ స్థలం."
పసుపు మీద నల్లరంగు,
కొండ దిక్కు బాణం,
మూలకు సన్నగ: బిక్షపతి ఆర్ట్స్.

తెల్లారి విద్యాసాగర్ సారు ఫోన్ జేసిండు.
పట్నంకెల్లి పెద్దసార్లు వస్తున్నరట,
రాళ్ల మీద పేర్లు కనవడొద్దట.
"రాసుడు నీకొస్తది గద,
తుడుసుడు గూడ నువ్వే జెయ్.
పేరుకు ఐదు రూపాయలు."

ముప్పయ్యేండ్ల సంది రాస్తున్న.
కిరాణం షాపులు, ఎలచ్చన్ల గోడలు,
ట్రాక్టర్ ట్రాలీలు, పెండ్లి కారు ఎనుక అద్దాలు.
తుడిసినందుకు పైసలిస్తరని
ఎన్నడు ఇనలే.

టిన్నరు డబ్బ, ఇనుప బ్రష్షు, అటుకుల మూట.
సీతాఫలాల కాలం.
తండా ఆడోళ్లు గంపలతోటి దిగుతుంటె
నేను ఎక్కుతున్న.
సారు ముందే సుద్దముక్కతోటి
ఒక్కోదానికి అంకె ఏసి పెట్టిండు.
మొత్తం రెండు వందల పన్నెండు.

మొదటి దర్వాజ కాడ "శీను + ఎస్".
ఆ ఎస్ ఎవరో ఊరందరికెరికే,
బస్టాండ్ల ఫ్యాన్సీ స్టోరు, ఇద్దరు పిల్లలు.
తుడిసిన.
"టెన్త్ బి సెక్షన్ జిందాబాద్."
ఇది ఒక్క పేరా, నలభై పేర్లా?
సారు ఒక్కటే అంకె ఏసిండు.
"కొండమల్లేపల్లి కబడ్డి టీము."
ఒక ఫోన్ నంబరు, ఆఖరి అంకె లేదు.
రంగు ఒడిసిందో, ధైర్యం ఒడిసిందో.

నడుమ ఒక రాయి మీద
ఉలితోటి గీసిన గుండ్రం,
పక్కన చాప లెక్క ఏదో.
బ్రష్షు ఎత్తిన్నో లేదో
సారు కిందికెల్లి ఒర్లిండు:
"అది ముట్టకు! అది చరిత్ర!"
రాళ్లు కొట్టినాయన ఎవరో
ఈ బండ నాదని కూలిలెక్కకు
గీసుకున్న గుర్తట.
"ఎన్నేండ్లయితె చరిత్రయితది సారు?"
సారు నవ్వి
నీళ్ల బాటిల్ మూత దీసిండు.

ఎండ నెత్తిమీదికొచ్చింది.
తుడుస్తాంటె తుడుస్తాంటె
చేతులు తెలుస్తున్నయ్ నాకు.
ఇది పలక మీద దెబ్బలు తిని నేర్చిన చెయ్యి.
ఇది ఎవరన్న వస్తున్నరేమోనని భయపడ్డ చెయ్యి.
ఇది మందు దాగిన చెయ్యి,
తలకట్టు ఎటో పోయి దీర్ఘమయింది.

ఇంకో దర్వాజ దాటి గోడ తిరిగే మూలకు
సీతాఫలం చెట్టు సాటుకు
ఎర్రరంగు.
పక్కన సుద్దతోటి నూట ఎనభై ఏడు.
'బు' కొమ్ము వంపు చూడంగనె ఎరికయింది.
అది నాదే.

బుగ్గమ్మ.

గోడలు బాగుజేసిన ఏడు అది.
ఆమె సున్నం గంప మోసేది,
నేను రాళ్లకు నంబర్లేసేటోణ్ని.
సద్ది తినేయాల్ల అడిగింది,
"నా పేరు ఎట్లుంటది?"
రాసి చూపెట్టిన.
గ కింద గ, మ కింద మ.
"గింత పేరుకు ఇన్ని మెట్లా?" అని
ఆరకముందే వేలు వెట్టింది.
ఆఖరి అక్షరం పక్కన
ఆ ముద్ర అట్లనే ఉంది,
సున్నం తిన్న గీతలతోటి.

డబ్బ మూత దీసిన.
వాసన ముక్కుకు గొట్టింది.
మల్ల మూత వెట్టిన.
తువ్వాల తడిపి
సుద్ద అంకెను తుడిసిన.
ఒక కొమ్మను వంచి
రాళ్ల సందుల ఇరికిచ్చిన.

పొద్దూకి దిగొస్తుంటె
కమాను కాడ ఎవరో కొత్తోళ్లు, కారు దిగి
నా బోర్డు పక్కన ఫోటో దిగుతున్నరు,
బాణం ఎటు జూపెడ్తుందో చూడకుంటనే.
సారు లెక్క నన్నే జెప్పుమన్నడు.
చెప్పిన.

ఇంటికొచ్చి పైసలు చేతుల వెట్టిన.
బుగ్గమ్మ దీపం కాడ గూసోని
నోటు నోటు తడిపి లెక్కవెట్టింది.
చదువు లేదు గని లెక్క తప్పదు.
"పొద్దుగాల ఫోన్ల
రెండొందల పన్నెండంటివి.
ఇవి వెయ్యిన్ని యాభై ఐదే ఉన్నయ్.
ఇంక ఐదు రూపాయలు
ఏడ వోయినయ్?"