నెమలిపచ్చ మరక

పొద్దుగాల కట్టు విప్పితే
ద్రాక్షపండ్ల వాసన.
గాజుగుడ్డ మీద నెమలిపచ్చ మరక.
నేనేం మాట్లాడలే. కుర్మయ్య నా ముఖమే చూస్తుండు.

దేవరకద్ర దిక్కు బోరు మోటార్లు బాగుచేసేటోడు,
స్టార్టర్ డబ్బా పేలి ఛాతీ కాలింది.
ముప్పై ఏండ్లు బురదల చేతులు పెట్టిండు.
ఈ పురుగు అక్కడ గూడ ఉండె,
గోళ్ల సందుల పండుకొని, కడిగితే పోతుండె.
తోలు ఉన్నన్నాళ్లు దానికి పని లేకుండె.

ఇక్కడ, పాలమూరు పెద్దాసుపత్రిల,
నేను చేతులు కడిగే నల్లా కిందనే దాని ఇల్లు.
బ్లీచింగ్ పోస్తం. మళ్ల జిగట.

"అక్కా, మంచి వాసనొస్తుంది,
తగ్గుతున్నట్టేనా?"

రిపోర్టుల పదకొండు మందుల పేర్లు,
తొమ్మిదింటి ముందల ఒకటే అక్షరం.
మిగిలిన రెండు స్టోర్‌ల లేవు.

చేతులు కడుక్కుందామని లేచి
నల్లా దగ్గర నిలబడ్డ.