పదిలోపు

పది సెకన్లు ఆగితేనే ఆగినట్టు.
తొమ్మిదిన్నర దగ్గర గుక్క తిరిగిందా,
మా పుస్తకంలో అది ఊపిరి కిందే జమ.
వల్పరాయీసో కొండవాలు మీద, రేవు దీపాలు కనిపించే మూడో అంతస్తులో
పదకొండేళ్లుగా నా రాత్రి కొలువు ఇదే:
ఇతరుల నిద్రను ముప్పై సెకన్ల ముక్కలుగా కోసి
ఒక్కో ముక్క మీద పేరు రాయడం.

ఎలెవుతేరియో వచ్చింది జూన్‌లో, చలివాన రాత్రి.
కొండెక్కే కేబుల్ పెట్టెను మీట మీద నడిపే మనిషి.
మీట మీద చెయ్యి అలాగే ఉండగా
ఒక మధ్యాహ్నం నిద్రపోయాడు.
పెట్టె సగం దారిలో వేలాడింది,
లోపల ఇద్దరు నన్‌లు, ఒక చేపల బుట్ట.
"నాలుగు నిమిషాలేనండీ" అన్నాడు
నేను తలకి జిగురు పూసి తీగలు అంటిస్తుంటే.
ఇరవై రెండు తీగలు.
అద్దంలో చూసుకుని, "నన్నూ కేబుల్ మీదే నడుపుతారన్నమాట!"

రెండు గంటల పదమూడు నిమిషాలకి
తెర మీద ఊపిరి గీత చదునైపోయింది.
పొట్ట లాగుతూనే ఉంది, రొమ్ము లాగుతూనే ఉంది,
గొంతు తలుపు తియ్యలేదు.
నలభై. యాభై. అరవై మూడు.
రక్తంలో ప్రాణవాయువు డెబ్బై ఒకటికి జారింది.
అప్పుడొక గురక,
మునిగినవాడు పైకి తేలి నోరు తెరిచినట్టు.
గంటకి నలభై ఒక్కసార్లు.
పొద్దున్నే అడిగితే, "హాయిగా పట్టిందండీ నిద్ర."

ప్రయోగానికి సంతకం పెట్టాడు.
సగం మందికి గాలి తోసే ముసుగు.
సగం మందికి అలాంటిదే, అలాగే బుసకొట్టేదే,
కాని గొట్టంలో కంటికి ఆనని చిల్లి.
ఎవరికేదో అతనికి తెలీదు, నాకు తెలీదు,
డాక్టర్ ఒయార్సూన్‌కీ తెలీదు.
సీలు వేసిన కవరుకి తెలుసు.
పన్నెండు వారాలు మీట ముట్టనని, టికెట్ల కిటికీలో కూర్చుంటానని
మాట ఇచ్చాడు, మొహం అటు తిప్పుకుని.

ఇంటి నుంచి వేలి తొడుగు పంపిన అంకెలు:
ముప్పై, పంతొమ్మిది, తొమ్మిది.
మేం ఊపిరి పీల్చుకున్నాం.
ఆఖరి రాత్రి మా గదిలో పడుకోబెడితే
నలభై మూడు.

వేలి తొడుగు మార్చాను. తీగలు మార్చాను.
ఇంకో రాత్రి. మళ్లీ నలభై మూడు.
కవరు చింపారు: చిల్లి గొట్టం.

మరి ఇంట్లో ఆ తొమ్మిది ఎక్కడిది?

ఒతీలియా కళ్లజోడు తీసి తుడుచుకుంది.
కళ్ల కింద చీకటి ఉబ్బి ఉంది.
"నేనే" అంది, దొంగతనం ఒప్పుకున్నట్టు.
"ముసుగు పెట్టుకున్నా ఆగుతూనే ఉన్నాడు.
ఆగబోతున్నాడనగానే మోచేత్తో పొడిచి పక్కకి దొర్లించేదాన్ని.
లెక్క బాగోలేకపోతే
మీట మళ్లీ ఇవ్వరుగా."

మోచేతికి మోతాదు లేదు మా దగ్గర.
పట్టికలోంచి ఎలెవుతేరియోని తీసేశారు.
అడుగున చిన్నక్షరాల్లో ఒక వాక్యం మిగిలింది:
'బయటి జోక్యం వల్ల ఒకరిని మినహాయించడమైనది.'
బయటి!
ముప్పై నాలుగేళ్లుగా అదే దుప్పట్లో.

ఇప్పుడతనికి అసలు ముసుగు. గంటకి మూడు.
వచ్చే సోమవారం మీట దగ్గరికి.
ఆమెకే కంటిమీద కునుకు లేదట.
నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి
ముసుగు అంచున వేలు పెట్టి చూస్తుందట.

నిన్న కాగితాల కోసం వచ్చింది.
పట్టపగలు, నా కుర్చీలో, కోటు విప్పకుండానే
నిద్రలోకి ఒరిగిపోయింది.
నోరు కాస్త తెరుచుకుంది. ఊపిరి ఆగింది.
నా వేళ్లు వాటంతట అవే లెక్కపెట్టాయి.
ఏడు. ఎనిమిది. తొమ్మిది.
తీసుకుంది.

తొమ్మిది లెక్కలోకి రాదు.
అలమరలోంచి దుప్పటి తెచ్చి కప్పాను.
స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను,
నా మోచెయ్యి ఆమెకు అందేటంత దూరంలో.