నీలితొట్టి

అరవై మూడేళ్లు రంగులతోనే గడిచాయి నాకు.
లక్కెరుపో, దానిమ్మతొక్క పసుపో
తడి మీద ఒకలా, ఆరాక ఒకలా ఉంటుందని తెలుసు.
ఆ ఉదయం బరంపురం పెద్దబజారు వెనక, మా దొడ్లో,
తెల్ల పింగాణీ మీద పడిన ఎరుపుని మాత్రం
నేను కలపలేదు.
నొప్పి లేదు. అందుకే రెండు నెలలు
ఎవరికీ చెప్పలేదు.

"పట్టు అద్దకమా? ఎన్నేళ్లు? బీడీ?"
డాక్టరమ్మ సులోచనా పాఢి ఒడియాలో అడిగింది.
తెలుగులో లెక్కపెట్టుకుని ఒడియాలో చెప్పాను.
డబ్బా మీది బొమ్మ తప్ప ఏమీ చదవని పొడులు,
మోచేతుల దాకా ముంచిన చేతులు,
పొగ వేరే.
కణితిని గోకి తీశారు.
మళ్లీ మొలవకుండా మూత్రాశయంలో
క్రిముల్ని పోస్తామన్నారు. బతికున్నవాటిని!
ఆవుల క్షయకి చుట్టం,
కోరలు ఊడగొట్టి పెంచిన జాతి.
పసిపిల్లల భుజాన మచ్చ వేసేది అదేనట.

ఆరు వారాలు. మంగళవారం మంగళవారం.
గొట్టంలోంచి చల్లగా దిగుతుంది.
రెండు గంటలు బిగబట్టాలి.
పావుగంట వెల్లకిలా, పావుగంట బోర్లా,
ఎడమకి, కుడికి.
రంగు సమంగా పట్టాలని నేను చిలపని తిప్పినట్టే
గడియారం చూసి గున్నమ్మ నన్ను తిప్పుతుంది.
"ఇప్పుడు ఈ అంచు" అంటుంది.
నవ్వొస్తే ప్రమాదం.
తర్వాత ఆరుగంటల పాటు, వెళ్లినప్పుడల్లా
బ్లీచింగు పోయాలి.
నన్ను కాపాడ్డానికి వచ్చినవాళ్లని
గుమ్మం దాటగానే చంపడం
నాకింకా అలవాటు కాలేదు.

మూడో వారం మంట.
మూల మీది మందుల షాపు కుర్రాడు ఏవో బిళ్లలిచ్చాడు.
ఖాళీ అట్ట చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది.
"నీ పేగుల్లో ఓ ఊరుంది.
ఆ ఊరు సాయం పడితేనే
మేం పోసినవి పనిచేస్తాయేమో.
కొందరికి నయమై కొందరికి ఎందుకు కాదో
జవాబు అక్కడుందేమో. చూస్తున్నారు, ఇంకా తేలలేదు.
నన్నడక్కుండా ఏదీ మింగకు."
ఏమో అని రెండుసార్లు అంది.
రంగు నిలుస్తుందని ముందే ఒట్టేసేవాడికి
అద్దకం రాదు.
ఆమె మీద నాకు గురి కుదిరింది.

ఆ రాత్రి తాత నీలితొట్టి గుర్తొచ్చింది.
సున్నం, బెల్లం, తగిరిస గింజల ఉడుకు.
పొద్దున్నే వంగి వాసన చూసేవాడు,
నాలుక చివర ఒక్క చుక్క.
"నిద్రలో ఉంది. ఇవాళ ముంచొద్దు."
తొట్టికి ఆకలేస్తుందంటే, అలుగుతుందంటే
మేం పడి నవ్వేవాళ్లం.
ఓసారి చిన్నాన్న, కంపు పోతుందని,
అందులో ఫినాయిలు పోశాడు.
మూడు రోజులు కలిపినా నీలం లేవలేదు.
తాత దానికి మైల పట్టాడు.

గున్నమ్మ తరవాణి కుండని అడుగంటా తోమదు.
ఓ గరిటెడు ఉంచి, దాని మీదే కొత్త గంజి.
పక్కింటి ఒడియావాళ్లు తొరాణి అంటారు,
పులుపు ఒక్కటే.
అది మందా అని అడిగితే డాక్టరమ్మ
"ఆకలేస్తోంది కదా, మంచిదే" అంది. అంతే.

ఇవాళ ఐదో మంగళవారం.
ఎడమ పక్కకి ఒత్తిగిలి ఉన్నాను.
లోపల ఎవరు ఎవరికి కబురంపుతున్నారో,
అసలు మాటలున్నాయో లేదో.
వంగి వాసన చూసి చెప్పే తొట్టి కాదిది.
"ఇంకెంతసేపే?"
"పదకొండు నిమిషాలు.
ఇటు తిరుగు, ఈ పక్క ఇంకా పట్టలేదు."