ఎంత తాగావమ్మా

పెరియమేట్‌లో సైకిల్ కొట్టు. ఫ్యాను తిరిగితే
చైను నూనె వాసన తిరుగుతుంది.
ఖలీల్ గారు గాజు బల్ల మీద ఒక్కొక్కటీ పరిచారు:
హ్యాండిల్ నడుమ పడుకుని
మొహంలోకి గొట్టం చాచే సీసా,
సీటు వెనక రెక్కల్లా రెండు బుట్టలు,
ఫ్రేము పొట్టలో దాక్కునే సంచి.
సంచికి ఒకసారి పాచి పట్టిందంటే
కడగడం ఎవరి తరమూ కాదని ఆయనే చెప్పారు.

ధరలు అడిగాను.
విన్నాక కాసేపు నీళ్లు నమిలాను,
ఆ కొట్టులో నాకు ఉచితంగా దొరికిన నీళ్లు అవే.

నూట ఎనభై కిలోమీటర్లు తొక్కాలి.
దానికి ముందు ఈత, తర్వాత పరుగు,
అవి వేరే బాధలు.
ఏడు గంటలు సీటు మీద దాహంతో ఎలా వేగాలన్నదే
ఈ వేసవి అంతా నా ఆలోచన.

వెనక బుట్టలు ఒక వారం అరువు తెచ్చుకున్నాను.
ఉత్తండి దాటాక స్పీడ్ బ్రేకరు.
ఒక సీసా ఎగిరి, దొర్లి,
మెట్రో వాటర్ లారీ చక్రం కిందకి పోయింది.
పన్నెండు వేల లీటర్లు మోసే బండి
నా ముప్పావు లీటరును అప్పడం చేసి
హారన్ కొట్టింది, తప్పు నాదన్నట్టు.

గొట్టం సీసా బాగానే ఉంటుంది.
తల ఎత్తక్కర్లేదు, చెయ్యి కదపక్కర్లేదు.
కానీ లోపలికి ఎంత పోయిందో తెలీదు.

తెలుసుకోవడమే నా ఉద్యోగం.
అయనావరంలో డయాలిసిస్ యూనిట్, మొదటి షిఫ్టు.
మనుషుల్ని తూచి మెషీనుకి కలుపుతాను,
నాలుగు గంటలయ్యాక విప్పి మళ్లీ తూస్తాను.
తేడా అంతా నీళ్లే.
ఆదివారాలు నన్ను నేనే తూచుకుంటాను,
సైకిలెక్కే ముందోసారి, దిగి తుడుచుకున్నాక ఓసారి.
తేడా అంతా నీళ్లే, కాస్త ఉప్పు.

నాలుగో మంచం కోదండపాణి గారిది.
సూళ్లూరుపేట మనిషి, కోచ్ ఫ్యాక్టరీలో వెల్డరు.
రోజంతటికీ ఆయనకు రాసిచ్చింది అర లీటరు,
టీ, పులుసు, మాత్ర మింగే నీళ్లు అన్నీ అందులోనే.
ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని వార్తలు చూస్తారు.
నీళ్ల గురించి ఆయనకు తెలిసింది
మా కోచ్‌కి తెలీదు.

ఫోన్లో ఫోటోలు చూపిస్తే
"గొట్టం వద్దు" అన్నారు వెంటనే.
"గొట్టంతో పీలిస్తే నోటికి లెక్క తెలీదు.
గుక్క గుక్కగా ఉండాల.
నేను పద్దెనిమిది గుక్కల మనిషిని.
గుక్కకీ గుక్కకీ మధ్య
తర్వాతి దాన్నే తలుచుకుంటా ఉంటా."

మామూలు సీసా, మామూలు బుట్ట కొన్నాను.
మోచేతుల మధ్య పొడుగ్గా పెట్టి
ప్లాస్టిక్ పట్టీలతో బిగించాను.
"ఇంతేనా?" అని ఖలీల్ గారు
ఇంకో రెండు పట్టీలు చేతిలో పెట్టారు.
వార్డులో గ్లాసుల మీద గీసే నల్ల మార్కరుతోనే
సీసాకి గీతలు గీశాను.

తిరువాన్మియూర్ నుంచి మహాబలిపురం, వెనక్కి.
కోవళం దగ్గర ఎదురుగాలి,
సముద్రం ఎడమ చేతికి అందేంత దూరంలో,
ఒక్క చుక్క పనికిరాదు.
గీత చూసుకుని తాగాను. మళ్లీ గీత.

సోమవారం ఆరింటికి, నేను సూది తీస్తుంటే
ఎప్పటిలాగే అడిగారు: "ఎంత తాగావమ్మా?"

మొదట్లో తగ్గించి చెప్పేదాన్ని.
ఒకరోజు పట్టుకున్నారు.
"నా ముందర దాచుకోవాకు, సరిగ్గా చెప్పు,
వినేదానికి లిమిట్ లేదు గదా" అన్నారు.

"రెండు లీటర్ల ఏడు వందలు."

"చల్లగానా?"

"మొదటి సీసా చల్లగా. తర్వాతవి టీ లాగా."

కళ్లు మూసుకున్నారు.
గొంతు మీది ముడి ఒకసారి పైకి లేచి
మెల్లగా కిందికి దిగింది.